వరద రాకముందే మెరక చూసుకుందాం

(మే నెలలో జరిగిన లంక గ్రామాల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అజెండాలో మా అంశం "వరద ముందు జాగ్రత్తలు" అని రాశారు. ఆ మాట వినగానే సగం మంది టీకి లేస్తారని మాకు తెలుసు. ఏటా వానలకు ముందు ఇదే పేరుతో ఒక మీటింగు పెడతారు, బిస్కెట్లు పంచుతారు, గజ ఈతగాళ్ల జాబితా చదువుతారు, అయిపోతుంది. ఇవాళ మేం మాట్లాడేది అది కాదండి. ఒక్కటే ప్రశ్న. ఈ జూలైలోనో ఆగస్టులోనో గోదావరి లంక ఎక్కితే మనం ఎక్కడికి వెళ్తాం? "పునరావాస కేంద్రానికి" అని చెప్పకండి. గేదెలతో సహా ఎక్కడికి వెళ్తాం? అది చెప్పండి.

1986 ఆగస్టు సంగతి ఇక్కడున్న పెద్దవాళ్లకి గుర్తుంది. అది మేం పదో తరగతి పరీక్ష రాసిన ఏడాది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చింది. ఈ అంకెలన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే. పొద్దుగూకేసరికి మకాం గుంజల దగ్గరున్న ఎర్రనీరు తెల్లారేసరికి ఇంటి అరుగెక్కింది. పడవ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నాన్నగారు "ఆడవాళ్లని, పిల్లల్ని ఎక్కించండి, మేం ఉంటాం" అన్నారు. ఆయన ఉండిపోయింది ఇంటి కోసం కాదు. మకాంలో నాలుగు గేదెలు, రెండు పెయ్యలు, జత ఎడ్లు ఉన్నాయి. పడవలో మనిషికి చోటుంది గాని గేదెకి లేదు. మూడోసారి పడవ రాలేదు. నాన్నగారు, మేం, ఇద్దరు పాలేర్లు రెండు రాత్రులు అటక మీద గడిపాం. పలుపులు విప్పిన పశువులు ఈదుకుంటూ వెళ్లి కొన్ని గట్టుకు చేరాయి. చూలు గేదెని మాత్రం విప్పలేదు. విప్పితే ఎటు పోతుందో, ఈదలేదేమో అన్న భయం. అది పలుపుతోనే పోయింది. పోయేదాకా నాన్నగారు ఆ గేదె మాట ఎత్తుతూనే ఉండేవారు.

మేం లంకవాళ్లం మొండివాళ్లమని, ఎంత చెప్పినా కదలమని అధికారులంటారు, పేపర్లవాళ్లు రాస్తారు. మొండితనం కాదండి అది. అరటి పోతుంది, కంద పోతుంది, కూరపాదులు పోతాయి. కౌలు రైతుకి పొలం ఎలాగూ తనది కాదు. వరదలోంచి తన కాళ్లతో తాను నడిచి బయటికి రాగలిగిన ఆస్తి గేదె ఒక్కటే. వరద తీశాక పిల్లల ఫీజుకి, మందుల కొట్టుకి, మళ్లీ విత్తనానికి ఆ పాల బిల్లే దిక్కు. దాన్ని గుంజకి వదిలేసి పడవెక్కమంటే ఎవరెక్కుతారు? అందుకే మా మాట ఇది. మనిషికి చోటు చూపించినంత మాత్రాన లంక ఖాళీ కాదు. ముందు పశువుకి చోటు చూపించాలి.

2022లో ఏం జరిగిందో మీరంతా చూశారు. ఆగస్టులో వస్తుందనుకున్న వరద జూలై రెండో వారంలోనే దిగింది. 16వ తేదీన భద్రాచలంలో 71.3 అడుగులు. ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. దానికి తోడు 13న ఆషాఢ పౌర్ణమి, సముద్రం పోటు మీదుంది, నీరు లాగలేదు. మేం ఈసారి ముందే బయటపడ్డాం, తెలివైనవాళ్లమనుకున్నాం. గట్టు దాటాక తెలిసింది మా తెలివి. బడి గదుల్లో మనుషులకి చోటిచ్చారు, గేదెల్ని గేటు లోపలికి రానివ్వలేదు. ఆడవాళ్లు, పిల్లలు బడిలో, మగవాళ్లం గేదెలతో ఏటిగట్టు మీద. పైన వాన, గట్టు మీద లారీలు, ట్రాక్టర్లు, చూడ్డానికొచ్చిన జనం. గడ్డి నాలుగో రోజున వచ్చింది, అదీ తడిసి ముక్కిపోయినది. పచ్చగడ్డికి అలవాటు పడ్డ మా గేదెలు దాన్ని మూతితో తోసేశాయి. మా పెయ్య ఒకటి ఆ గట్టు మీదే పోయింది. బతికినవాటికి పాలు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. బడిలో ఆడవాళ్ల బాధ వేరు. రాత్రిపూట మరుగుదొడ్డికి వెళ్లే వీల్లేక సాయంత్రం నుంచి మంచినీళ్లు తాగడం మానేశామని మా ఇంట్లో వాళ్లు వారం తర్వాత చెప్పారు. మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

డబ్బున్నవాళ్లు ఆపద వస్తే ఉండటానికని ఊరికి దూరంగా ఫామ్‌హౌసులు కొనుక్కుని, గోడ కట్టి, జనరేటరు పెట్టుకుంటారని వింటున్నాం. విదేశాల్లో భూమి లోపల గదులు కూడా తవ్వుకుంటున్నారట. మంచిదే. మనకి ఒక్కొక్కరికి ఒక్కో ఫామ్‌హౌసు ఎవరూ ఇవ్వరు కాబట్టి రెండు వందల గేదెలకీ, వాటి మనుషులకీ కలిపి ఒక మెరక చూసుకోవాలి. మా ఊళ్లో మేం ఆ పని పోయిన ఏడాది మొదలుపెట్టాం. ఎలా చూశామో, ఎక్కడ పొరపాటు పడ్డామో చెబుతాం, మీ ఊరికి పనికొచ్చింది తీసుకోండి.

మేం నలుగురం నాలుగు చోట్లు తిరిగాం. మొదటిది ఏటిగట్టే. అది ఎత్తే గాని గట్టు ఉన్నది నడవడానికి, ఉండటానికి కాదు. గండి పడే ప్రమాదమున్న చోటికి ఇసుక బస్తాలు తీసుకెళ్లే దారి అదే. ఆ దారికి అడ్డంగా మన గేదెల్ని కట్టేసి, తర్వాత గట్టు తెగిందని ఎవరినో తిట్టడం న్యాయం కాదు. రెండోది మార్కెట్ యార్డు. సిమెంటు నేల, రేకుల షెడ్లు, బోరు, గేటు, అన్నీ ఉన్నాయి. కానీ లంక నుంచి పద్నాలుగు కిలోమీటర్లు. గేదె గంటకు మూడు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. దూడలతో, వానలో, ఆ దూరం ఒక రోజంతా పడుతుంది. మూడోది ఒక పెద్దాయన ఉచితంగా ఇస్తానన్న రెండెకరాలు, గట్టు దిగగానే. మేం సంబరపడ్డాం. ఊళ్లో ఒక ముసలమ్మ నవ్వింది. "గట్టు తెగితే మొదట పోయేది అదే కదరా" అంది. నిజమే. ఉచితం అనగానే మా బుర్ర పనిచేయలేదు.

ఇక్కడ ఒక మాట. గట్టుకి లోపల ఉన్నదంతా మెరక కాదండి. మన డెల్టాలో వరి పండే నేల పల్లం. మురుగు కాలువ ఎగదన్నితే గట్టు తెగకపోయినా మునుగుతుంది. పాత ఊళ్లు, పాత కొబ్బరి తోటలు ఎక్కడున్నాయో చూడండి. అవి ఎక్కువగా ఇసుక దిబ్బల వరుసల మీద ఉంటాయి. మన తాతలు సర్వే యంత్రాలు లేకుండానే ఆ మెరకలు కనిపెట్టి ఇళ్లు కట్టుకున్నారు. అయినా కంటితో చూసి నమ్మకండి. 53లో, 86లో, 2006లో ఆ చోట నీళ్లు ఎంతవరకు వచ్చాయో కనీసం ముగ్గురు పెద్దవాళ్లని విడివిడిగా అడగండి. పోయినేటి వరద గుర్తు చూసి చోటు ఎంచుకుంటే మోసపోతాం. 86 గుర్తు చూసి ఎంచుకోవాలి.

అలా దొరికింది నాలుగోది. గట్టు నుంచి అయిదు కిలోమీటర్ల లోపలికి, దిబ్బ మీద ఎకరంన్నర కొబ్బరి తోట. రెండు వందల గేదెల్ని దూరం దూరంగా కట్టినా ఎకరం సరిపోతుంది, మిగిలింది మనుషులకి, గడ్డికి. తోట బావి 86లో కూడా ఎర్రబడలేదని చుట్టుపక్కల ముగ్గురూ ఒకే మాట చెప్పారు. లంక నుంచి కాజ్‌వే దాటి, గట్టు దిగి, మూడు గంటల లోపు గేదె చేరగలదు. దారిలో కల్వర్టు ఒక్కటే, దాని మీదికి నీరు రాదు.

తోట ఆసామి హైదరాబాదులో ఉంటారు. మొదట ఒప్పుకోలేదు. మా వాళ్లలో ఒకాయన ఫోనులో "బాబుగారూ, రెండు వందల గేదెల పేడ మీ తోటలోనే వదిలేసి వెళ్తాం" అన్నారు. అక్కడ పని జరిగింది. ఇప్పుడు స్టాంపు కాగితం మీద మూడేళ్లకి ఒప్పందం రాసుకున్నాం. చెట్టు మొదట్లో పొయ్యి పెట్టకూడదు, కొబ్బరికాయ ముట్టుకోకూడదు, వరద తీసిన వారంలో ఖాళీ చేయాలి. ఆయన షరతులు సబబైనవే. నోటి మాట మీద మాత్రం వెళ్లకండి. వరద రోజున ఆసామి కొడుకు తాళం వేసుకుని కూర్చుంటే రెండు వందల గేదెలతో రోడ్డు మీద నిలబడాలి.

కొబ్బరి తోట అన్నాం కాబట్టి ఇంకో సంగతి. అది గోదావరి వరదకే గాని తుపానుకి కాదు. 1996 నవంబరు 6 రాత్రి మన కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా కూలాయో మరిచిపోయామా? తుపాను గాలిలో కొబ్బరి తోటలో ఉండటం చావు కొనితెచ్చుకోవడమే. గాలికి కావాల్సింది స్లాబు భవనం, పశువులకి చెట్లు లేని ఆరుబయలు మెరక. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత తీరంలో కట్టిన తుపాను షెల్టర్లు అందుకే. కానీ వాటిలోనూ మనిషి మెట్లెక్కుతాడు, గేదె ఎక్కదు. సముద్రానికి దగ్గరున్న ఊళ్లవాళ్లు రెండు ఆపదలకి రెండు చోట్లు చూసుకోవాలి. మేం మాత్రం ఇంకా ఒకటే చూశాం.

ఇప్పుడు గడ్డి లెక్క. ఇది కాస్త ఓపిగ్గా వినండి, మేం 2022లో ఓడిపోయింది ఇక్కడే. గేదెకి రోజుకి ఆరు కిలోల ఎండుగడ్డి అనుకుందాం. పది రోజులకి అరవై కిలోలు. రెండు వందల గేదెలకి పన్నెండు టన్నులు. మిషను కోతలో ఎకరానికి టన్ను, టన్నున్నర దక్కుతుంది, అంటే సుమారు పదెకరాల గడ్డి. లంకలో మనకి వరి లేదు, కొనాల్సిందే. ఎప్పుడు కొనాలి? దాళ్వా కోతలప్పుడు. వరద వచ్చాక గడ్డి కట్ట ధర ఎవడు ఎంత చెబితే అంత. మేం గేదెకి ఇంత అని చందా వేసుకుని కట్టలు కొని, తోటలో దుంగల మీద పేర్చి, పైన టార్పాలిన్ కప్పాం. నేల మీద పేర్చితే కింద రెండు వరుసలు చెదలకీ, చెమ్మకీ పోతాయి, మేం ఆ చదువు డబ్బిచ్చి నేర్చుకున్నాం. ఇంకొకటి, లంక గేదె ఒక్కసారిగా ఎండుగడ్డి తినదు. జూలై మొదటి నుంచే పచ్చగడ్డిలో గుప్పెడు గుప్పెడు కలుపుతూ అలవాటు చేయండి. తవుడు, ఉప్పు ఎవరి గేదెకి వాళ్లే మోసుకురావాలి.

నీళ్లు రోజుకి గేదెకి యాభై లీటర్లు, అంటే మొత్తం పది వేలు. తోటలో బోరు ఉంది, కానీ వరద రాగానే మొదట పోయేది కరెంటు. అందుకని ఆయిల్ ఇంజను ఒకటి సిద్ధంగా పెట్టాం. మనుషులు తాగే నీటికి వేరే డ్రమ్ములు, క్లోరిన్ బిళ్లలు. మరుగుదొడ్లు ఆడవాళ్లవి నాలుగు, మగవాళ్లవి రెండు, తడికెలతోనే, గడ్డిమేటుకి ఆ చివర, దారిలో లైటుతో. ఎక్కడ పెట్టాలో ఆడవాళ్లే చెప్పారు, ఈసారి ముందే అడిగాం. పాముల సంగతి మీకు చెప్పక్కర్లేదు, మెరక మనకే కాదు వాటికీ కావాలి. టార్చిలైట్లు, కర్రలు ఉంచుకోండి. కాటేస్తే మంత్రగాడి దగ్గరికి కాదు, ఆసుపత్రికి.

గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించాలి. రెండు వందల గేదెలు ఒకచోట చేరాక ఒకదానికి వస్తే ఊరంతటికీ వస్తుంది. టీకా వేయని పశువుని తోటలోకి రానివ్వమని తీర్మానం చేశాం. కొంతమందికి కోపం వచ్చింది. వస్తే వచ్చింది.

ఎప్పుడు కదలాలి? మేం ధవళేశ్వరం వైపు చూడటం మానేశాం. అక్కడ 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇచ్చే వేళకి మా కాజ్‌వే మీద నీరు పారుతుంటుంది. భద్రాచలం చూడండి. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా ఊరి కట్టుబాటు ఇది. భద్రాచలంలో 43 అనగానే దూడలు, చూలు గేదెలు, ముసలివాళ్లు, బాలింతలు కదలాలి. 48కి మిగతా పశువులన్నీ, వాటితో మనుషులు. 53 అనే సరికి లంకలో ఎవరూ ఉండకూడదు, మోటార్లు కాపలా కాసే కుర్రాళ్లతో సహా. మోటారు విప్పి ముందే పట్టుకెళ్లండి, అప్పుడు కాపలా అక్కర్లేదు. "రెండుసార్లు ఊరికే తిప్పారు" అని సణిగేవాళ్లుంటారు. ఊరికే నడిచిన గేదెకి పోయేదేం లేదు, ఒక పూట పాలు తగ్గుతాయి. కదలలేకపోతే ఆఖరి మాట, పలుపు విప్పేయండి. మా నాన్నగారి గేదెని తలుచుకుని చెబుతున్నాం.

ఇది చెప్పకుండా కూర్చోలేం. 86లో బడి గదుల్ని మనం కులాల వారీగా పంచుకున్నాం. పేటవాళ్లకి వరండా ఇచ్చాం, వాన జల్లు పడే వైపు. ఎవరూ ఆర్డరు వేయలేదు, మనమే అలా సర్దుకున్నాం. 2022లో కూడా వంట దగ్గర రెండు వరుసలు కనబడ్డాయి. ఈ తోటలో ఒకటే పొయ్యి, ఒకటే కుళాయి. గేదె లేనివాడికి, మేకలు మాత్రమే ఉన్న కూలి ఇంటికి కూడా చోటు ఉంది, వాళ్లకి చందా లేదు. ఈ తీర్మానానికి చెయ్యెత్తనివాళ్లు మా ఊళ్లో ఇద్దరున్నారు. మాట్లాడుతున్నాం వాళ్లతో.

"ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని, మనం చేస్తే వాళ్లు తప్పించుకుంటారు" అని మన నాయకత్వంలోనే కొందరంటున్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. విపత్తు సాయం నిబంధనల్లో పశువుల శిబిరానికి డబ్బు ఇవ్వొచ్చని ఉంది, 2022-26 లెక్క ప్రకారం పెద్ద పశువుకి రోజుకి 80 రూపాయలు, చిన్నదానికి 45. పోయిన పాడి గేదెకి 37,500, అదీ ఇంటికి మూడింటి వరకే. 37,500కి మన సంతలో ఏ గేదె వస్తుందో అధికారులే చెప్పాలి. కొట్టుకుపోయిన గేదెకి పంచనామా ఎక్కడ చేస్తారు? అందుకే చెవికి పసుపు ట్యాగు, దాని పన్నెండు అంకెల నంబరు, గేదె పక్కన మీరు నిలబడ్డ ఫోటో, ఈ మూడూ ఇప్పుడే తీసిపెట్టుకోండి. కౌలు కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టండి. పోట్లాడాలన్నా చేతిలో కాగితం ఉండాలి. మన డిమాండు కూడా గట్టిగా అడుగుదాం. బంగ్లాదేశ్‌లో 1970 తుపాను తర్వాత తీరం పొడుగునా పశువుల కోసం ఎత్తైన మట్టి దిబ్బలు పోశారు. కిల్లాలంటారు వాటిని. మనకంటే డబ్బున్న దేశమేం కాదు అది. ప్రతి నాలుగు లంకలకి ఒక దిబ్బ, ప్రభుత్వ భూమిలో, నీటి వసతితో పోయమని అడుగుదాం. అది వచ్చేదాకా జూలై ఆగదు కదా, తోట తోటే.

మా ఊరివాళ్లకి ఒక కబురు చెప్పి ముగిస్తాం. ఈ శనివారం తోటలో దింపు తీస్తున్నారు, గేదెల మీద కాయలు పడకుండా. ఆదివారం ఉదయం ఆరింటికి కాజ్‌వే దగ్గర కలుద్దాం. వంద గేదెలతో తోటదాకా ఒకసారి నడిచి చూస్తాం, ఎక్కడ బెదురుతాయో, ఎంతసేపు పడుతుందో రాసుకుంటాం. దూడల్ని ముందు నడపండి. ఒక్కో గేదెకి రెండు పలుపులు తెచ్చుకోండి, ఒకటి తెగుతుంది.